సార్ కంప్యూటర్‌కు మాట పడిపోయిన నెల

సోమవారం పొద్దున, కామారెడ్డిలో నేను పనిచేసే ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని లాగుతుండగా సార్ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"బిడ్డా, గిది మాట్లాడ్తలేదు," అన్నారు.

"ఏది సార్?"

"కంప్యూటర్. నిన్న నువ్వు పెట్టుమన్నవ్ గదా, ఆ అప్‌డేట్ పెట్టిన. బంద్ చేసి మళ్ళ చాలు చేసిన. అప్పటి సంది ఒక్క మాట లేదు."

అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజు మధ్యాహ్నం నేను బట్టలు పిండుతుంటే ఆయన ఫోన్ చేసి, "అప్‌డేట్ వచ్చిందని చెప్తున్నది, ఏం చెయ్యమంటవ్?" అని అడిగారు. అది ఏ అప్‌డేటో, ఎంత పెద్దదో, దాంతో ఏమేం మారతాయో నేను అడగలేదు. తడి చేతులతోనే ఫోన్ పట్టుకుని, "పెట్టేయుండ్రి సార్, ఏం గాదు," అన్నాను. ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్ల ముందు కూర్చుంటున్న మనిషిని. 'ఏం గాదు' అని చూడకుండా అనకూడదని నాకు తెలుసు. కానీ వారంలో ఆరు రోజులు ఎవరో ఒకరి పాస్‌వర్డో, ఎవరో ఒకరి హాల్‌టికెట్టో, ఎవరో ఒకరి ప్రింటరో నా మీదే పడుతుంది. ఏడో రోజు ఎవరు ఏమడిగినా తొందరగా అవునని వదిలించుకోవడం అలవాటైపోయింది. సార్ విషయంలో కూడా అదే చేశాను.

సార్‌కు చూపు లేదు. ఆ కంప్యూటర్ తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తేనే ఆయన పని నడుస్తుంది. మనకు తెర మొత్తం నల్లబడితే ఎట్లా ఉంటుందో, ఆయనకు శబ్దం పోతే అట్లా.

ఎల్లారెడ్డిలో ఒకప్పుడు టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఆయనది. నాగిరెడ్డిపేట పక్కన మా ఊరి నుంచి తొలి బస్సెక్కి వచ్చి ఆయన దగ్గర ఇంగ్లీషు లోయరు, హయ్యరు, తెలుగు లోయరు టైపు పరీక్షలు పాసయ్యాను. నాకు దొరికిన మొదటి ఉద్యోగమూ ఇప్పటి ఉద్యోగమూ ఆ చదువు పుణ్యమే. కంప్యూటర్లు వచ్చాక ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. మిషన్లన్నీ పాత ఇనుముకు పోయాయి. తెలుగు మిషన్ ఒక్కటి మాత్రం ఆయన ఇవ్వలేదు, మూటకట్టి సజ్జ మీద పెట్టించారు. ఆ తర్వాత నీటికాసులు వచ్చి మొదట ఒక కన్ను, రెండేళ్ళకు ఇంకో కన్ను పోయాయి. కొన్నాళ్ళు ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునే ఉండేవారట.

మూడేళ్ళ కింద మా కాలేజీలో పక్కన పడేసిన డెస్క్‌టాప్ ఒకటి అడిగి తెచ్చుకుని, అందులో విండోస్ బదులు లినక్స్ ఎక్కించి, తెర చదివే సాఫ్ట్‌వేర్ పెట్టి, తెలుగు టైపు మిషన్ వరసలోనే అక్షరాలు పడేట్టు చేసి ఆయనకు ఇచ్చాను. పాత యంత్రం కాబట్టి దాని మీద నడిచేది లినక్సే. ఆయన వేళ్ళు కీబోర్డు మీద పెట్టి రెండు నిమిషాలు కదపకుండా కూర్చున్నారు. తర్వాత ఒక పేజీ ఆగకుండా కొట్టారు. వారం తిరగక ముందే ఆ వీధిలోని బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. పింఛను దరఖాస్తు, పేరులో తప్పు దిద్దమని అర్జీ, గల్ఫ్‌లో ఉన్న మొగుడి గురించి కలెక్టరుకు ఉత్తరం. సార్ విని, మాటలు సర్ది, కొట్టి ఇచ్చేవారు. ఇన్‌స్టిట్యూట్ ఉన్న రోజుల్లో కన్నా ఆయనకు ఇప్పుడే తీరిక తక్కువ అని సార్ భార్య నవ్వేది.

అలాంటి మనిషి సోమవారం పొద్దున, "ఒక్క మాట లేదు," అన్నారు.

మధ్యాహ్నం తిండి బెల్లు కొట్టాక ఆఫీసు వెనక మెట్ల మీద కూర్చుని మళ్ళీ ఫోన్ చేశాను. "అమ్మకు ఇయ్యుండ్రి సార్," అన్నాను.

సార్ భార్యను నేను అమ్మ అనే పిలుస్తాను. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. తెలుగు ఏది ఇచ్చినా చదువుతుంది, ఇంగ్లీషు అక్షరాలు మాత్రం రావు. ఇన్నేళ్ళూ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఒళ్ళో తునికాకు చాట లేకుండా ఆమె కూర్చుని ఉండగా నేను చూసింది తక్కువ. వాళ్ళింట్లో ఉన్నది బటన్ ఫోన్. బటన్లుంటేనే సార్ తడిమి నొక్కగలరు. అందుకని తెర ఫోటో తీసి పంపమనే వీలు లేదు. దూరం నుంచే వాళ్ళ కంప్యూటర్‌లోకి పోయి చూద్దామంటే పక్కింటివాళ్ళ వైఫై మధ్యమధ్యలో తెగిపోతుంది.

"అమ్మా, తెర మీద కుడి దిక్కు పై మూలకు మౌస్ తీస్కపోయి నొక్కుండ్రి. ఏమన్న తెరుచుకున్నదా?"

"ఆ, పెట్టె లెక్క తెరుచుకున్నది."

"అందుల బూర బొమ్మ ఉంటది చూడుండ్రి."

"ఉన్నది. దాని పక్కపొంటి బాణం ఉన్నది."

"బాణం మీద నొక్కుండ్రి. ఏం రాసున్నది?"

"ఇంగ్లీషు గదా బిడ్డా, నాకేం ఎరుక?"

"అక్షరం ఎట్లున్నదో చెప్పుండ్రి. నేను సమజ్ చేసుకుంట."

కొంచెంసేపు ఆమె ఊపిరి మాత్రం వినిపించింది. తెరకు దగ్గరగా వంగినట్టుంది.

"మొదటిది నిలువు కట్టె. దానికి పొట్ట వచ్చింది."

"డి. తర్వాత?"

"గ్లాసు. పైన మూత లేదు. దాని ఎనక మూడు కాళ్ళది. మళ్ళ గదే, మూడు కాళ్ళది. ఆఖరుది రెండు చేతులు పైకి లేపింది, తోక కిందికి ఏలాడ్తున్నది."

డమ్మీ.  శబ్దాన్ని ఏ పరికరానికి పంపుతున్నదో అక్కడ రాసి ఉండాలి. అసలు పరికరం కనిపించకపోతే లినక్స్ ఉత్తుత్తి పరికరం ఒకటి పెట్టుకుని, దానికి డమ్మీ అని పేరు పెట్టి, శబ్దమంతా అందులోకి పంపుతుంది. అంటే సార్ కంప్యూటర్ మాట్లాడుతూనే ఉంది. ఆ మాట ఎటూ చేరడం లేదు. కొత్త అప్‌డేట్‌లో కెర్నెల్ మారింది. లోపలి పరికరాలను గుర్తుపట్టి నడిపించేది ఆ కెర్నెలే. మారిన కెర్నెల్ సౌండ్ కార్డును గుర్తుపట్టలేదు.

"దొరికిందా బిడ్డా?" అమ్మ అడిగింది.

"రోగం దొరికింది అమ్మా. ఫోన్ల అయ్యేటట్టు లేదు. ఆదివారం వస్త."

వెనక నుంచి సార్ గొంతు చిన్నగా వినిపించింది. "ఆరు దినాలా?" ఆ మాట ఆయన అమ్మను అడిగారు, నన్ను కాదు. అయినా నాకు వినపడింది.

ఆదివారం పదకొండు గంటల బస్సెక్కాను. లింగంపేట దాటేదాకా నిలబడే ప్రయాణం. ఎల్లారెడ్డిలో దిగేసరికి కాళ్ళు లాగుతున్నాయి. సార్ ఇంటి ముందు గదిలో కంప్యూటర్ మీద తువ్వాల కప్పి ఉంది. సార్ కుర్చీలోనే ఉన్నారు. నేను చెప్పులు విడుస్తుండగానే, "వచ్చినవా? బువ్వ తిన్నవా?" అని అడిగారు. పనైనాక తింటానన్నాను.

ఆ రోజు పని సులువుగానే అయింది. యంత్రం మొదలయ్యేటప్పుడు ఒక కీ నొక్కి పట్టుకుంటే ఏ కెర్నెల్‌తో నడవాలో అడుగుతుంది. అప్‌డేట్ పాతదాన్ని తీసేయదు, కొన్నాళ్ళు పక్కన ఉంచుతుంది. పాతదాన్ని ఎంచాను. తెర వెలిగింది, ఒక్క క్షణం ఏమీ లేదు, తర్వాత ఆ బొంగురు యంత్రపు గొంతు తెలుగులో పలికింది. సార్ రెండు చేతులూ మోకాళ్ళ మీది నుంచి లేచాయి. ఏదో అందుకోబోయినట్టు గాలిలో ఆగి, మళ్ళీ కిందికి దిగాయి.

"జర ఆ ఉత్తరం తెరువు బిడ్డా," అన్నారు.

గాంధారి పక్క తండా నుంచి వచ్చిన ఒకామె ఉత్తరం అది. మొగుడు గల్ఫ్‌కు పోయాడు, పాస్‌పోర్టు అక్కడి యజమాని దగ్గర ఉండిపోయింది, రానివ్వడం లేదు. సార్ సగం రాశారు. యంత్రం చదువుతుంటే మొత్తం విన్నారు. పాస్‌పోర్టు నంబరు ఆమెను మళ్ళీ అడగాలి, ఆమె శుక్రవారం వస్తుంది, అప్పుడు పూర్తిచేస్తానన్నారు. ఇక మీదట కూడా పాత కెర్నెల్‌తోనే మొదలయ్యేట్టు పెట్టాను. అమ్మ వడ్డించిన పప్పు, చింతకాయ తొక్కుతో తిని నాలుగు గంటల బస్సుకు తిరిగొచ్చాను. బస్సులో కునుకు పట్టింది. చాలా రోజుల తర్వాత హాయిగా పట్టిన కునుకు.

ఒక్కటి మరిచిపోయాను. మరీ పెద్దవి తప్ప మిగతా అప్‌డేట్లను ఎవరినీ అడగకుండా తనంతట తానే తెచ్చుకునే ఏర్పాటు ఒకటి ఆ యంత్రంలో ఉంది. మూడేళ్ళ కింద నేనే పెట్టాను, ప్రతిసారీ నేను పోనక్కర లేదని. దాన్ని ఆపి రాలేదు. మంగళవారమో బుధవారమో అది ఇంకో కొత్త కెర్నెల్ తెచ్చి, చోటు కోసం పాతదాన్ని తుడిచేసింది. గురువారం పొద్దున సార్ ఫోన్.

"మళ్ళ పోయింది బిడ్డా."

ఈసారి మెట్ల మీద కూర్చుని అమ్మతో అక్షరాల ఆకారాలు చెప్పించుకున్నాను. డమ్మీ. మొదలయ్యేటప్పుడు కనిపించే జాబితా చదివించాను. అందులో ఉన్న రెండూ కొత్తవే. నాకు నా మీదే కోపం వచ్చింది. ఆ కోపం గొంతులోకి వచ్చి, "కుడి దిక్కు అంటే ఎడమ దిక్కు నొక్కుతరేంది అమ్మా," అని విసుక్కున్నాను. ఆమె "ఆ, కుడి దిక్కే, తప్పైంది," అంది. ఆమె నొక్కింది సరైన చోటే. తప్పు చెప్పింది నేను.

ఆ ఆదివారం వెళ్ళలేకపోయాను. కాలేజీకి తనిఖీ. పదేళ్ళ రిజిస్టర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించి చూపించాలి. అందరికీ ఆదివారం కూడా డ్యూటీ వేశారు. శనివారం సార్ ఫోన్ వచ్చినప్పుడు నేను తీయలేదు. చేతిలోనే ఉంది. మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పే ఓపిక నాలో లేదు. మోగి మోగి ఆగిపోయింది. ఆ తర్వాత ఎనిమిది రోజులు ఆయన దగ్గర నుంచి ఫోన్ రాలేదు. మొదటి రెండు రోజులు నిమ్మళంగానే ఉంది. మూడో రోజు నుంచి భయం పట్టుకుంది. మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నారేమోనని.

తర్వాతి ఆదివారం పొద్దున ఆరున్నర బస్సుకే బయలుదేరాను. ఎల్లారెడ్డిలో సార్ వీధి మలుపు తిరగగానే ఒక చప్పుడు వినపడి ఆగిపోయాను. టకటకమని టైపు మిషన్. వరస చివర గంట, బండి వెనక్కి లాగిన చప్పుడు, మళ్ళీ టకటక. ఇరవై ఐదేళ్ళ కింద ఆ వీధిలో పొద్దున్నే వినపడే చప్పుడే. అప్పుడు ఇరవై మిషన్లు, ఇప్పుడు ఒక్కటి.

అమ్మ ఇంకా చర్చి నుంచి రాలేదు. సార్ ఒక్కరే ముందు గదిలో ఉన్నారు. కంప్యూటర్‌ను బల్ల మీద ఒక పక్కకు జరిపి, సజ్జ మీది తెలుగు మిషన్‌ను దించి పెట్టుకున్నారు. కుడి చేతి చూపుడు వేలికి గుడ్డపేలిక కట్టు ఉంది. నా అడుగుల చప్పుడు విని గుర్తుపట్టారు.

"కూసో బిడ్డా. ఈ లైన్ అయిపోనియ్యి."

పక్కన కుర్చీలో కూర్చుని మిషన్‌లో ఉన్న కాగితం వైపు చూశాను. కాగితం తెల్లగా ఉంది. ఆయన కొడుతూనే ఉన్నారు, అక్షరం పడిన చోట కాగితం కొంచెం లోపలికి నొక్కుకుపోతోంది, అంతే. సిరా లేదు. రిబ్బన్ ఎన్నేళ్ళ కిందటిదో, ఎండి బట్టపీలిక అయిపోయింది. ఆయన లైను పూర్తిచేసి, కాగితం లాగి, చాలా జాగ్రత్తగా అంచులు కలిపి పక్కనున్న కాగితాల మీద పెట్టారు. ఆ కాగితాలన్నీ తెల్లవే.



అప్పుడే అమ్మ వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు. గుమ్మంలోనే నేను కాగితాల వైపు చూడడం చూసింది. పెదాల మీద వేలు పెట్టి, తల ఊపి లోపలికి రమ్మంది. "చాయ్ పెడుతున్న, జర పాలగిన్నె అందుకో బిడ్డా," అని పైకి అంది.

వెనక గదిలో ఒక రేకు పెట్టె తెరిచి చూపించింది. పైన తెల్ల కాగితాలు, వాటి కింద ఒక రూళ్ళ నోట్‌బుక్కు. ఆమె ఒక తెల్ల కాగితం తీసి వెనక తలుపు దగ్గరికి పోయి, ఎండ అడ్డంగా తగిలేట్టు వాల్చి పట్టుకుంది. నొక్కుల్లో నీడ పడి అక్షరాలు లేచాయి. 'గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి' అని మొదటి వరస నేను చదవగలిగాను.

"గిట్ల పట్టుకొని చూస్కుంట రాస్తున్న," అంది మెల్లగా. "పొద్దుగాల ఎండ మంచిగుంటది. మాపటీలి కనవడదు."

"ఎన్ని రాసిండ్రమ్మా?"

"తొమ్మిది. తండామె ఉత్తరం పెద్దది, రెండు దినాలు పట్టింది. నా రాత ఆగమాగం ఉంటది, గాని ఆఫీసుల తీసుకున్నరంట."

"సార్‌కు చెప్పలేదా?"

ఆమె కాగితాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టింది. "కంప్యూటర్ పోయినంక మూడు దినాలు మంచం మీదికెళ్ళి లేవలే. నాలుగో దినం తనంతట తానే సజ్జ మీది మిషన్ దించుమన్నడు. రిబ్బన్ల సిరా లేదంటే మిషన్ ముందర నుంచి లేస్తడు. లేచి ఎటు పోతడు బిడ్డా?"

కొత్త రిబ్బన్ కోసం కామారెడ్డిలో నేను అడిగి చూస్తానన్నాను. అడిగినా దొరకదని నాకు తెలుసు. నేను ఫోన్ తీయని శనివారం ఆయన మంచం మీద ఉన్న మూడు రోజుల్లో ఒకటి. లెక్క వేసుకోవద్దనుకుంటూనే వేసుకున్నాను.

చాయ్ తాగి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాత కెర్నెల్ లేదు కాబట్టి కొత్తదానితోనే మాట్లాడించాలి. నా ఫోన్‌లో వెతికితే ఇదే రోగం చాలామందికి వచ్చినట్టుంది. ఎక్కడెక్కడి మనుషులో, ఒకరు మందు చెబితే కింద ఒకరు 'నాకు పనిచేసింది' అని, ఇంకొకరు 'నాకు చేయలేదు' అని రాశారు. మొదటిది చేసి యంత్రాన్ని ఆపి మొదలుపెట్టాను. ఏమీ లేదు. రెండోది చేస్తే తెర కూడా నల్లబడింది. దాన్ని వెనక్కి తిప్పడానికే గంటకు పైగా పట్టింది. నడుము నొప్పి మొదలైంది. మధ్యలో అమ్మ బువ్వ పెడతానంటే వద్దన్నాను. సార్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా నా పక్కనే కూర్చుని నా కీబోర్డు చప్పుడు వింటున్నారు. ఒకసారి మాత్రం, "ఎడమ చెయ్యి చిటికెన వేలు సరిగ వాడ్తలేవు," అన్నారు. నాకు నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది.

మూడోది ఒక్క లైను. సౌండ్ కార్డుతో కొత్త పద్ధతిలో కాకుండా పాత పద్ధతిలోనే మాట్లాడమని కెర్నెల్‌కు చెప్పే లైను. ఒక చిన్న ఫైలులో అది రాసి, దాచి, యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టాను. ఆ రోజుకు అది ఎన్నోసారో గుర్తులేదు. తెర వెలిగింది. నేను తల వంచుకుని బల్లకు ఆనించాను, చూసే ఓపిక కూడా లేక.

గొంతు పలికింది.

సార్ తల పక్కకు వంచి విన్నారు. "గొంతు మారింది," అన్నారు.

నిజమే. రెండో అప్‌డేట్‌లో చదివే గొంతు కూడా మారింది. కొంచెం సన్నబడింది. అది మార్చి పాతది తెస్తాను సార్ అంటే వద్దన్నారు. "మాట్లాడ్తే చాలు. వేగం జర తగ్గియ్యి." తగ్గించాను. తనంతట తాను అప్‌డేట్ చేసుకునే ఏర్పాటును ఈసారి మరిచిపోకుండా ఆపాను. ఆపానో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

అమ్మ పక్కింటికి ఏదో ఇవ్వడానికి పోయినప్పుడు అడిగాను. "వేలికి ఏమైంది సార్?"

"గట్టిగ కొట్టిన బిడ్డా. గోరు కింద కమిలింది."

"మిషన్ అంత గట్టిగ కొట్టద్దని మాకు మీరే చెప్తుంటిరి గదా."

ఆయన గుమ్మం వైపు చెవి పెట్టి, అమ్మ లేదని నిర్ధారణ చేసుకున్నారు.

"రిబ్బన్ల సిరా లేదు. గట్టిగ కొట్టకపోతే ఆమెకు అక్షరం కనవడదు."

"మీకు ఎప్పటి సంది ఎరుక సార్?" అని అడిగాను.

"రెండో దినమే ఎరుకైంది. కాయితానికి సిరా వాసన లేదు. ఎనక అర్రల పెన్ను గీకుతున్న సప్పుడు. నలభై ఏండ్ల సంసారంల ఆమె పెన్ను పట్టిన సప్పుడు నేను ఎన్నడు ఇనలే." గొంతు తగ్గించి అన్నారు, "నాకు తెల్సని చెప్పకు. బాధ పడ్తది."

చెప్పలేదు. ఆమె సంగతి ఆయనకూ, ఆయన సంగతి ఆమెకూ చెప్పకుండా ఆ మధ్యాహ్నం ఇద్దరి మధ్యా కూర్చుని బువ్వ తిన్నాను.  ఫోన్ తీయని సంగతి మాత్రం చెప్పేశాను. "శనివారం మీ ఫోన్ కావాలనే తియ్యలేదు సార్. మస్తు అలసిపోయి ఉన్న."

"ఎరుకే," అన్నారు సార్. "మోగుతున్నప్పుడే అనుకున్న. అందుకే మళ్ళ చెయ్యలే." తర్వాత కంచంలో చేయి ఆపి అన్నారు, "నువ్వు ఎన్నిసార్లు వస్తవ్ బిడ్డా? నువ్వు చేసేది నాకు నేర్పు."

"శబ్దం పోయినంక తెర మీద ఏమున్నదో మీకు తెల్వదు గదా సార్."

"ఇన్‌స్టిట్యూట్‌ల మీ చేతుల మీద గుడ్డ కప్పి నేర్పిన. చూడకుంట కొట్టుమని. కొట్టలేదా?"

ఆ సాయంత్రం బస్సు వదులుకున్నాను. అడిగినదాంట్లో అర్థం ఉందనిపించింది. శబ్దం పోతే చేయాల్సిన పనులన్నీ వరసగా రాసి ఒక చిన్న ఆదేశంగా కట్టాను. ఇకపై పాత కెర్నెల్‌ను చెరపకుండా దాచుకోవాలి, పిలిచినప్పుడు దానికే తిరిగి పోవాలి, ఆ ఒక్క లైనును మళ్ళీ రాసుకోవాలి. ఆ ఆదేశానికి ఇంగ్లీషు అక్షరాల్లో 'మాట' అని పేరు పెట్టాను. చెవికి ఒక గుర్తు కావాలి కదా అని ఆలోచిస్తుంటే ఆ పాత పెట్టె లోపల బిళ్ళంత స్పీకర్ ఒకటి ఉందని గుర్తొచ్చింది. యంత్రం మొదలవగానే బీప్ అనేది అదే. సౌండ్ కార్డుతో దానికి సంబంధం లేదు. పని అయ్యాక రెండు బీప్‌లు, కాకపోతే ఒక్క పొడుగు బీప్ కొట్టేట్టు పెట్టాను.

ఆ తర్వాత స్పీకర్ వైరు పీకి, సార్‌ను కూర్చోబెట్టాను. మూడు కీలు కలిపి నొక్కితే ఖాళీ నల్లతెర వస్తుంది. అక్కడ పేరు, పాస్‌వర్డ్, తర్వాత ఆదేశం, మళ్ళీ పాస్‌వర్డ్. ఎక్కడా ఏమీ వినపడదు. మొదటిసారి పేరులో ఒక అక్షరం తప్పు పోయి పొడుగు బీప్ కూడా రాలేదు. రెండోసారి పొడుగు బీప్. "తొందర పడ్తున్న," అని ఆయనే అనుకున్నారు. మూడోసారి ఒక్కో అక్షరానికీ లోపల లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిపారు. బీప్, బీప్. అమ్మ చాట పక్కన పెట్టి లేచి వచ్చింది, ఏం మోగిందని.

పదిసార్లు చేయించాను. ఆరోసారి నుంచి తప్పు పోలేదు. నాకే నిద్ర ముంచుకొచ్చి, ఆయన చేస్తుంటే కుర్చీలోనే కళ్ళు మూసుకున్నాను. ఎప్పుడో దుప్పటి కప్పారు. సోమవారం తొలి బస్సుకు కామారెడ్డి వచ్చి నేరుగా ఆఫీసుకు పోయాను.

రెండు నెలలు ఏ గొడవా లేదు. తండామె ఉత్తరానికి జవాబు వచ్చిందనీ, ఇంకో కాగితం జతచేయమన్నారనీ, అది కూడా కొట్టి ఇచ్చాననీ సార్ ఒకసారి ఫోన్‌లో చెప్పారు. ఆమె మొగుడు ఇంకా రాలేదు.

తర్వాత పరీక్ష ఫీజుల రోజుల్లో, ఆఫీసు కిటికీ ముందు పిల్లలు తోసుకుంటుండగా ఆయన ఫోన్ మోగింది. తీశాను. ఆయన చెప్పేది వినకముందే నా లోపల ఆదివారం బస్సు, నడుము నొప్పి, అక్షరాల ఆకారాలు, అన్నీ ఒక్కసారి తిరిగాయి.

"బిడ్డా, పొద్దుగాల అప్‌డేట్ పెట్టిన. నేనే పెట్టిన, నిన్ను అడగలే. మాట పోయింది."

"సార్..."

"ఇను. పోయిందా, నల్లతెర తెచ్చిన. పేరు కొట్టిన. ఒకసారి పొడుగుది మోగింది. మళ్ళ కొట్టిన. రెండు మోగినయ్. ఇప్పుడు మాట్లాడ్తున్నది. ఇను."

ఫోన్‌ను యంత్రానికి దగ్గరగా పెట్టినట్టున్నారు. ఆ సన్నటి గొంతు ఎవరిదో దరఖాస్తు చదువుతోంది. చదువుతుంటే వెనక అమ్మ ఎవరితోనో, "ఆగు, సార్ పని మీదున్నడు," అంటున్నది.

"మంచిగైంది సార్," అన్నాను.  ఆయన, "సరే, నీ పని చూస్కో," అని పెట్టేశారు.

ఆ ఆదివారం నేను ఎక్కడికీ పోలేదు. బట్టలు నానబెట్టి, పిండకుండానే మధ్యాహ్నం దాకా పడుకున్నాను.